గీతలు పడ్డ డిస్కుల పక్షాన

గీతలు పడి ఆడని సీడీ గురించి ఎవర్ని కదిపినా మొదట వచ్చే సలహా ఒకటే: "కాస్త టూత్‌పేస్టు రాసి చూడండి." ఆ వెంటనే వచ్చే మాట కూడా ఒకటే: "అయినా ఇంకా సీడీలేంటండీ, అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయిగా!" మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండో దాంట్లో ఆ సగం కూడా లేదు. నా గొడవ రెండో మాటతోనే. పాతబట్టల మూటలా డిస్కుల్ని చెత్తబండిలో వేసేవాళ్ళందరూ ఆ ధైర్యంతోనే వేస్తున్నారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఓ మాదిరి ఇంట్లో బీరువా పైఅర తెరిచి చూడండి. ఘంటసాల భగవద్గీత ఉంటుంది, అది లేని ఇల్లూ లేదు, అది మోగని చావూ లేదు. నూటయాభై సినిమా పాటలు కుక్కిన ఎంపీత్రీ సీడీ ఉంటుంది. వాటి కింద పెళ్ళి డీవీడీ. ఇంకా కింద, ప్లాస్టిక్ కవరు కూడా లేకుండా, మార్కర్ పెన్నుతో పేరు రాసిన నాలుగైదు డిస్కులు. ఒకదాంట్లో ఊళ్ళో అమ్మవారి పండక్కి ఆడిన పద్యనాటకం. పీసపాటి నరసింహమూర్తి ఒరవడిలో గొంతెత్తే ఊరి కృష్ణుడు అందులో ఉంటాడు. ఇంకోదాంట్లో తప్పెటగుళ్ళు. మరోదాంట్లో జముకుల కథ, లేదా వంగపండు పాడిన సభలో ఎవరో చిన్న కెమెరాతో తీసుకున్న అరగంట. ఈ మొత్తంలో మీ ఫోనులో దొరికేవి పైరెండే. కింద ఉన్నవాటికి ప్రపంచంలో రెండో కాపీ ఉండటం అరుదు. "అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి" అనేవాళ్ళకి "అన్నీ" అంటే ఏంటని అడగాలి. కంపెనీలు అమ్మినవి అన్నీ అనా? అంతేగా?

ఇందులో ఇంకో వెటకారం ఉంది. కంపెనీ సీడీకీ, ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన సీడీకీ పైకి పెద్ద తేడా కనబడదు. లోపల చాలా ఉంది. కంపెనీ సీడీలో పాట అచ్చు గుద్ది ఉంటుంది. ప్లాస్టిక్‌లో సూక్ష్మమైన గుంటలు, వాటి మీద అల్యూమినియం పూత. ఆ గుంటలు ఎక్కడికీ పోవు. స్టూడియో వాడు కంప్యూటర్లో రాసిచ్చే సీడీఆర్, డీవీడీఆర్‌లలో గుంటలు ఉండవు, ఒక రంగు పొర ఉంటుంది. లేజర్ ఆ రంగుని అక్కడక్కడా మారుస్తుంది, ఆ మార్పే సమాచారం. రంగు కాబట్టి ఎండకి వెలుస్తుంది, వేడికి, తేమకి పాడవుతుంది. అంటే బజార్లో మళ్ళీ దొరికే సినిమా పాట గట్టి డిస్కులో కూర్చుంది. ఎక్కడా దొరకని మీ తాతగారి హరిశ్చంద్ర పద్యం వెలిసిపోయే రంగులో ఉంది. దాన్ని మళ్ళీ హాల్లో షోకేసు అద్దాల వెనక, కిటికీకి ఎదురుగా నిలబెడతాం. పెళ్ళి డీవీడీకి అంతకంటే మర్యాద ఏం చేస్తామని.

ఇప్పుడు గీతల సంగతి. సీడీ అంటే 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ బిళ్ళ. మెరిసే వైపు, అంటే కింద, సమాచారం ఉందనుకుంటారు చాలామంది. లేదు. అది పైన ఉంది, బొమ్మ అచ్చేసిన వైపు, ఒక పల్చటి వార్నిష్ పూత కింద. లేజర్ వెలుతురు కిందనుంచి ప్లాస్టిక్ మొత్తం దాటుకుంటూ వెళ్ళి, పైన తగిలి వెనక్కి వస్తుంది. కాబట్టి కింద పడ్డ గీత నిజానికి కళ్ళజోడు మీద పడ్డ గీతలాంటిది. చూపు చెదురుతుంది, చదవాల్సిన పుస్తకానికి ఏమీ కాలేదు. పైన బొమ్మ వైపు గోరంత గీరుకుపోయిందా, పుస్తకమే చిరిగింది. జనం అద్దంలాంటి వైపుని ప్రాణంలా చూసుకుంటూ, బొమ్మ వైపుని బల్లకేసి బోర్లా పడేస్తారు. బాల్‌పెన్నుతో దాని మీదే పేరు రాస్తారు, స్టిక్కరు అంటించి పీకుతారు. డిస్కుని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకోండి. సూది బెజ్జాల్లా వెలుతురు చుక్కలు కనిపిస్తే ఆ చోట పూత లేచిపోయిందని అర్థం. అక్కడి పాట పోయినట్టే, ఏ పేస్టూ తేలేదు. డీవీడీ కట్టుబడి వేరు. 0.6 మిల్లీమీటర్ల రెండు పలకల్ని అతికించి మధ్యలో సమాచారం పెడతారు. పైగీతలకి కాస్త తట్టుకుంటుంది గాని, డబ్బాలోంచి లాగేటప్పుడు విల్లులా వంచితే అతుకు విడిపోతుంది.

గీత పడ్డ దిక్కు కూడా ముఖ్యం. పాట నడిచే దారి మధ్యనుంచి అంచుకి తిరుగుతూ పోయే సుడి. దాన్ని అడ్డంగా కోసే గీతని యంత్రం చాలావరకు దాటేస్తుంది. దారి వెంబడే పడ్డ గీత మాత్రం వరసగా చాలాదూరం మింగేస్తుంది. అందుకే తుడిచేటప్పుడు మెత్తని పాత నూలుగుడ్డతో మధ్యనుంచి అంచుకి సూటిగా తుడవాలి. అందరూ చేసేది గుండ్రంగా, పళ్ళెం తోమినట్టు. దుమ్ములో ఒక్క ఇసుకరేణువు ఉన్నా చాలు, అది దారి వెంబడే గీసుకుంటూ పోతుంది. సగం డిస్కులు గీతల వల్ల కాదు, తుడవడం వల్ల చచ్చాయని నా అనుమానం.

టూత్‌పేస్టులో ఉన్న సగం నిజం ఏంటంటే, అందులో సన్నటి అరగదీసే పొడి ఉంటుంది. తెల్ల పేస్టులోనే, రంగురంగుల జెల్‌లో పని జరగదు. అది గీతని పూడ్చదు. గీత అంచుల్ని అరగదీసి నునుపు చేస్తుంది, లేజర్ కిరణం చెదరడం తగ్గుతుంది. ఇంతకంటే మంచి సరుకు మన ఊళ్ళలో కారు పెయింటింగ్ షెడ్డులో దొరుకుతుంది, రబ్బింగ్ కాంపౌండ్ అని అడిగితే ఇస్తారు. లోతు గీతైతే ముందు చాలా సన్నటి వాటర్ పేపరు నీళ్ళలో తడిపి, తర్వాత కాంపౌండు, ఆఖర్న వేక్సు. ఇదంతా అరగంట పని, ఓపిక పని. గీత గోటికి తగిలేంత లోతుగా ఉంటే ఆశ తక్కువ. రంగు వెలిసిన డీవీడీఆర్‌ని ఎంత రుద్దినా లాభం లేదు, ఎందుకంటే జబ్బు అక్కడ లేదు.

ఇంకొక మాట. రుద్దడం ఆఖరి మార్గం, మొదటిది కాదు. ముందు శుభ్రంగా కడిగి, వేరే డ్రైవులో పెట్టి చూడాలి. ఒక డ్రైవు చదవలేనన్న చోటుని ఇంకో డ్రైవు చదువుతుంది, వాటికీ మనుషుల్లాగే చూపులో తేడాలు ఉంటాయి. డీడీ రెస్క్యూ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది బాగున్న భాగాలన్నీ ముందు కాపీ చేసుకుని, చెడిన చోట్లకి గుర్తు పెట్టుకుని, వాటి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్తుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఎంత దక్కిందో చెబుతుంది. రెండో డ్రైవు తగిలిస్తే మొదటిది వదిలిన చోటు నుంచి అందుకుంటుంది. డిస్కుని బాగుచేయడం అంటే దాన్ని పదేళ్ళు ఆడించడానికి కాదు. ఒక్కసారి ఆడితే చాలు, కాపీ చేతికొస్తుంది.

ఇది సాహిత్య పత్రికలో ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, నా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది. 1982లో సీడీని మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఫిలిప్స్, సోనీ ఇంజినీర్లు దాంట్లో ఒక తెలివి పెట్టారు. పాటని వరసగా రాయకుండా ముక్కలు చేసి చెదరగొట్టి, వాటితో పాటు సరిచూసుకునే లెక్కలు కూడా రాశారు. సుడి దారిలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర చెడిపోయినా, మిగతా ముక్కల నుంచి లెక్కగట్టి పోయిన దాన్ని అక్షరం తేడా లేకుండా తిరిగి తెస్తుంది. అంతకు మించి పోతే, పాటల సీడీలో, యంత్రం అటూ ఇటూ ఉన్న శబ్దాల్ని బట్టి మధ్యలో ఏముండవచ్చో ఊహించి నింపుతుంది. మనకి తేడా తెలియదు. ఈ పని చేసిన మనుషుల్ని మనం ఎరుగుదుం. బ్రౌను దొర తాటాకు ప్రతులు నాలుగు తెప్పించి, పండితుల్ని కూర్చోబెట్టి, ఒకదాంట్లో చెద తిన్న పాదాన్ని ఇంకోదాంట్లోంచి తీసుకుని పద్యాన్ని నిలబెట్టాడు. అది పాఠపరిష్కరణ. దానికి పీఠికలు రాస్తాం, సభలు పెడతాం. అదే పని ఒక కుర్రాడు రెండు డీవీడీ డ్రైవులతో జముకుల కథకి చేస్తే దాన్ని ఎలక్ట్రీషియన్ పని అంటాం.

శ్రీకాకుళంలోనే మన కళ్ళెదుట ఒక ఉదాహరణ ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరిలో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్న పట్టుదల. తనకొచ్చిన అవార్డు డబ్బులు దాంట్లో పెట్టారు, ఊరూరా తిరిగి పాత పత్రికలు అడిగి తెచ్చారు. 2021లో ఆయన పోయారు, కథానిలయం ఉంది, స్కాన్ చేసిన పేజీలు ఎక్కడున్నవాళ్ళకైనా అందుతున్నాయి. చిరిగిన పత్రికని, అట్ట లేని సంచికని, పురుగు తిన్న పేజీని ఆయన చెత్త అనలేదు. మరి ఆ ఊళ్ళోనే, ఆ జిల్లాలోనే, అచ్చుకెక్కని సాహిత్యం సంగతి? తూర్పు భాగోతం, జముకుల కథ, తప్పెటగుళ్ళ పాట, ఇవి కాగితం మీద పుట్టలేదు. వాటి ప్రతులు ఆ మార్కరు రాసిన డిస్కులే. అచ్చు పుస్తకం చెదపడితే గుండె పట్టుకునే మనం, నోటి కథ రంగు వెలిసిపోతుంటే "టెక్నాలజీ మారిపోయింది కదా" అంటున్నాం. ఏది సాహిత్యం అన్నదాని మీద మన అసలు అభిప్రాయం ఇలాంటి చోటే బయటపడుతుంది. ఉపన్యాసాల్లో బయటపడదు.

విజయనగరం దగ్గరికి వస్తే సిగ్గుపడాల్సింది ఇంకా ఉంది. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కళాశాల, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు, సాలూరి చిన్నగురువుగారు పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర చదువుకున్న ఘంటసాల, అక్కడే సంగీతం నేర్చిన సుశీల. సాలూరు పక్కన శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు కుర్రతనంలోనే, 1930లలో, గ్రామఫోను రికార్డులకి పాడాడు. ఈ జాబితా చదివి మనం ఛాతీ విరుచుకుంటాం. ద్వారం వారి వయొలిన్ ప్లేటు ఒకటి అటక మీద ఉంటే దాన్ని ఎలా కడగాలో మాత్రం తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో చెబుతాను. పాత 78 ప్లేటు ప్లాస్టిక్ కాదు, లక్క. ఏటికొప్పాక బొమ్మల మీద మెరిసే లక్కే, రాతిపొడితో కలిపి అచ్చు పోసింది. మన వడ్రంగులు ఆ లక్క పెచ్చుల్నే స్పిరిట్‌లో కరిగించి తలుపులకి పాలిష్ పెడతారు. ఇప్పుడు పాతసామాను ప్రేమికుడొకడు, ఫోను స్క్రీను తుడిచే అలవాటు కొద్దీ, స్పిరిట్ ముంచిన దూదితో ద్వారం ప్లేటుని "శుభ్రం" చేస్తాడు. ప్లేటుని పాలిష్ చేసేస్తాడు అన్నమాట! పాట గాడిలోంచి కరిగి దూదికి వస్తుంది. శుద్ధమైన నీళ్ళు, ఒక బొట్టు మెత్తని సబ్బు, కాగితపు లేబుల్ తడవకుండా తుడవడం, నీడలో ఆరబెట్టడం, ఇంతే కావాలి. తర్వాత సూది. ఎల్పీ సూది 78 గాడికి చాలా సన్నం, అడుగున పడి కీచుమంటుంది, పాట మోయాల్సిన గోడల్ని సరిగ్గా తాకదు. వేగం కూడా. పాత రోజుల్లో అన్ని ప్లేట్లూ కచ్చితంగా 78 వేగంతో రికార్డు కాలేదు. కొంచెం తేడాగా తిప్పితే శ్రుతే మారిపోతుంది. యూట్యూబ్‌లో వింటున్న పాత గాయకుల్లో కొందరు అసలు అంత సన్నగా పాడి ఉండరు.

ఇవన్నీ తెలిసిన మనిషి మనకి లేకపోలేదు. బొబ్బిలి జమీందారీ కుటుంబపు వి.ఎ.కె. రంగారావు మద్రాసులో ఉండి వేల కొద్దీ 78 ప్లేట్లు పోగు చేశారు, ప్రతి దాని పుట్టుపూర్వోత్తరాలు పట్టించుకున్నారు. ఆయన చేసింది ఒక వ్యక్తి అభిరుచిగా మిగిలిపోవడం ఆయన తప్పు కాదు. పక్కనే ఒక సంస్థ నిలబడలేదు. అమెరికాలో లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలలో కార్ల్ హేబర్ బృందం సూది తాకించకుండా, కెమెరాతో గాడిని ఫొటో తీసి, దాని నుంచి ధ్వని లెక్కగట్టే పద్ధతి తయారు చేసింది. పగిలిపోయిన ప్లేటు ముక్కలు కూడా పలుకుతాయి. 1860లో పారిస్‌లో మసి పూసిన కాగితం మీద గీసి వదిలేసిన శబ్దపు గీతల్ని 2008లో ఆ ప్రయోగశాల సాయంతోనే మొదటిసారి వినగలిగారు. ఆ కాగితాన్ని నూటనలభై ఎనిమిదేళ్ళు ఎవరూ "ఇదిప్పుడు ఆడదు కదా" అని పారేయలేదు.

ఇక్కడ నాకు కోపం తెప్పించే వాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు హైదరాబాదులో, విశాఖలో ఫ్లాటు గోడకి వినైల్ వేలాడదీసేవాళ్ళు. కొత్తగా అచ్చయిన ఎల్పీకి వేలు పోస్తారు, పక్కన కాఫీ కప్పు పెట్టి ఫొటో తీస్తారు. పాత వస్తువు మీద ప్రేమ అంటారు. ఊళ్ళో నాయనమ్మ పాడిన మంగళహారతి సీడీ ఎక్కడుందో అడిగితే "అమ్మ ఎక్కడో పెట్టింది" అంటారు. రెండోవారు సాహిత్య సభల్లో అంతరించిపోతున్న జానపదం మీద గద్గదంగా మాట్లాడేవాళ్ళు. అంతరించిపోతున్న దాన్ని అరగంట రుద్దితే ఒక పాట దక్కుతుంది, ఆ అరగంట వాళ్ళకి దొరకదు. మీరు ఈ రెండు గుంపుల్లోనూ లేరనే అనుకుంటున్నాను. ఉంటే కోపం తెచ్చుకోండి, మంచిదే.

శ్రీకాకుళంలో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక కొట్లో డీవీడీ కాపీ చేస్తారా అని అడిగితే ఆ కొట్టాయన నవ్వాడు. "ఏటి మేస్టారూ, ఇంకా సీడీలేటి? ఒగ్గీండి. దాన్నెవులు సూస్తారిప్పుడు?" ఆయన్ని నేను తప్పు పట్టను, పూటకి ఎన్ని ఫోన్లు విప్పితే అంత ఆదాయం. ఒకప్పుడు ఆ వీధుల్లోనే సీడీలు అద్దెకిచ్చే కొట్లు ఉండేవి, అవి మూతపడినప్పుడే బాగుచేసే చేతులూ వేరే పనుల్లోకి వెళ్ళిపోయాయి. ఆ పని మార్కెట్ చేయదు. చేయాల్సింది ఎవరో వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ దాంతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాడు, రూపాయికి ఎనిమిది పైసలు. రెండు జిల్లాల్లోనూ గ్రంథాలయ సంస్థలున్నాయి, బల్లలున్నాయి, కరెంటు ఉంది. రెండు డీవీడీ డ్రైవులు, ఒక మంచి టర్న్‌టేబుల్, 78కి సరిపోయే సూది, కాంపౌండు డబ్బా, వారానికి రెండు రోజులు కూర్చునే ఒక కుర్రాడు లేదా అమ్మాయి. జనం డిస్కు తెస్తారు, కాపీ పట్టుకెళ్తారు, వాళ్ళు ఒప్పుకుంటే ఒక కాపీ అక్కడ ఉంటుంది. ఒక సన్మానసభకి అయ్యే పూలదండల, శాలువాల ఖర్చుతో ఏడాది నడుస్తుంది.

చట్టం అడ్డు వస్తుందంటారు. కొంత నిజం. కాపీరైట్ చట్టంలో ధ్వని రికార్డు హక్కు ప్రచురించిన తర్వాత 60 ఏళ్ళు, కాబట్టి 1960కి ముందు ప్లేట్ల మీద ఆ హక్కు తీరిపోయింది. సాహిత్యం, బాణీల హక్కు లెక్క వేరు, అది మర్చిపోకూడదు. సొంత వాడకానికి చేసుకునే కాపీకి చట్టంలో చోటుంది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చని 2012 సవరణ 52వ సెక్షన్‌లో చేర్చింది. కానీ ఒక షరతు పెట్టింది: గ్రంథాలయం దగ్గర ఆ రచనది డిజిటల్ కాని ప్రతి ఉండాలి. సీడీ పుట్టుకతోనే డిజిటల్! అంటే లక్క ప్లేటుకి రక్షణ ఉంది, దానికంటే ముందు చచ్చిపోయే సీడీఆర్‌ని గాలికొదిలేశారు. ఆ సవరణ రాసినవాళ్ళ మనసులో కూడా "డిజిటల్ అయితే ఎక్కడికి పోతుందిలే" అన్న మాటే ఉండి ఉంటుంది. ఇది మార్చమని అడగాల్సింది రచయితల సంఘాలు. మన సంఘాలు అడిగే కోర్కెల చిట్టాలో నేనెక్కడా చూడలేదు.

అప్పటిదాకా ఇంట్లో పని ఇంట్లో మొదలుపెట్టొచ్చు. ఎందుకు తొందరంటే, ఈ తీరంలో గడువు క్యాలెండరు చూసుకుని రాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తిత్లీ. కప్పు లేచిపోయిన ఇంట్లో బీరువా పైఅర మొదట తడుస్తుంది. తడిసిన డిస్కు చచ్చినట్టు కాదు. బురద ఆరకముందే మంచినీళ్ళతో కడిగి, రుద్దకుండా, నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి. బురద ఎండిపోయాక తుడిస్తే అదే ఇసుకకాగితం. ఆల్బమ్ సంచుల్లో ఉన్నవాటిని వెంటనే బయటికి లాగాలి, లేకపోతే బొమ్మ వైపు పూత సంచికి అంటుకుని వచ్చేస్తుంది.

తడవని ఇళ్ళలో వరస ఇది. సినిమా పాటలవి పక్కన పెట్టండి, వాటికేం తొందర లేదు. మార్కరుతో పేరు రాసినవి ముందు. వాటిలో హాల్లో ఎండ తగిలే చోట ఉన్నవి అందరికంటే ముందు, గీతలు లేకపోయినా సరే. కాపీ అయ్యాక ఫైలు పేరు "వీడియో 1" అని వదలకండి. పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ పండగ, ఏ సంవత్సరం, మద్దెల మీద ఎవరు, ఇవన్నీ చెప్పగలిగిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉండగానే పక్కన కూర్చోబెట్టి అడిగి రాయండి. డిస్కు ఆడుతుంటే వాళ్ళకి అడక్కుండానే గుర్తొస్తాయి.